ఓక్ పీపా రమ్ము.. ఆరా, ఎనిమిదా?

ముందే చెప్పేస్తున్నా, ఇది మిమ్మల్ని తాగమని రాస్తున్న టపా కాదు. సినిమాలో గ్లాసు కనపడగానే తెర కింద పడే హెచ్చరికని ఇక్కడ కూడా పడిందనుకుని చదవండి.

నేను బోస్టన్ దగ్గర ఆన్‌సైట్‌లో ఉంటున్నాను. కిందటి నెల ఒక శనివారం ప్రావిడెన్సులో ఉండే మా కాలేజీ సీనియర్ ఇంటికి వెళ్ళాను. భోజనానికి ముందు అన్న బల్ల మీద మూడు గ్లాసులు పెట్టి, "ఏది ఏదో చెప్పను. వాసన చూడు, ఒక్కో గుక్క తాగు, పదికి మార్కులు వెయ్యి" అన్నాడు. ఒకటి మన ఓల్డ్ మాంక్. ఒకటి బార్బడోస్ రమ్ము. మూడోది ఇక్కడే న్యూ ఇంగ్లండులో ఒక చిన్న డిస్టిలరీ వాళ్ళు కాచి, ఓక్ పీపాలో నిలవబెట్టిన రమ్ము. మూడోదానికి ఆరు వేశాను.

తర్వాత అన్న సీసాలు బయటికి తీశాడు. మూడో సీసా లేబుల్ మీద తెరచాప ఓడ బొమ్మ. కింద నాలుగు లైన్ల కథ.. మూడొందల ఏళ్ళ సంప్రదాయం, సముద్రం మీద సాహసాలు, అమెరికా స్వాతంత్ర్యం. అది చదివి ఇంకో గుక్క తాగి, "కాదన్నా, దీనికి ఎనిమిది వెయ్యొచ్చు" అన్నాను.

అన్న నవ్వాడు. "ఆ రెండు మార్కులు రమ్ముకా, కథకా?"

సమాధానం చెప్పలేకపోయాను. ఆ తర్వాత రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని చదివిందే ఈ టపా.

ముందు ఆరు ఎందుకు వేశానో చెప్తాను. రంగు చూసి రమ్ముని నమ్మకూడదు. కొంత పరిమితి లోపల రంగు కలపడానికి అమెరికా రూల్సు ఒప్పుకుంటాయి. గ్లాసులో పోసి పది నిమిషాలు వదిలేస్తే ఘాటు కాస్త తగ్గుతుంది. అప్పుడు నోరు కొంచెం తెరిచి వాసన చూడాలి. మొదట వెనిల్లా, తర్వాత కాల్చిన కొబ్బరి, ఆ వెనక ఎక్కడో మొలాసిస్. చెరకు రసం కాచి పంచదార తీశాక మిగిలే నల్లటి జిగురు పాకం ఉంటుందే, అదే మొలాసిస్. తణుకులో పెరిగినవాడిని, ఆ వాసన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గుక్క తాగితే మాత్రం నాలిక మీద చెక్కే ముందుంది. చివర్లో బాగా మరిగిన డికాషన్‌లా వగరు. బాగానే ఉంది కానీ, రమ్ము తాగుతున్నానా విస్కీ తాగుతున్నానా అని అనుమానం వచ్చింది.

ఆ అనుమానం తప్పేం కాదట. ఓక్ చెక్కని వేడి చేస్తే అందులోని లిగ్నిన్ విరిగి వెనిల్లా వాసన ఇచ్చే వెనిలిన్ వస్తుంది. కొబ్బరి వాసన ఓక్ లాక్టోన్లది. వగరు టానిన్లది. బూర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలని అమెరికాలో 1930లలో రూలు వచ్చింది. ఒకసారి వాడిన పీపా మళ్ళీ బూర్బన్‌కి పనికిరాదు కాబట్టి అవి కరీబియన్ దీవుల రమ్ము కంపెనీలకి వెళ్తాయి. పాత పీపా రుచిని మెల్లగా ఇస్తుంది. చిన్న అమెరికన్ డిస్టిలరీలు కొన్ని కొత్త పీపాలే, అవీ చిన్నవి వాడతాయి. టెన్నెసీలోని కెల్సోలో 1997లో మొదలైన ప్రిచర్డ్స్ వాళ్ళు 15 గ్యాలన్ల కొత్త పీపాలు వాడారు. పీపా ఎంత చిన్నదైతే లీటరు రమ్ముకి తగిలే చెక్క అంత ఎక్కువ. చెక్క రుచి తొందరగా ఎక్కుతుంది కానీ, గాలి తగిలి మెల్లగా జరగాల్సిన మార్పులకి మాత్రం టైం పట్టాల్సిందే. తొమ్మిది మంది ఆడవాళ్ళని పెట్టి నెలలో బిడ్డని కనమనే మేనేజర్ జోకు గుర్తుందిగా, అదే.

అంటే నాకు తగిలిన "మూడొందల ఏళ్ళ" రుచిలో చాలా భాగం బూర్బన్ దగ్గర నేర్చుకున్నది. అప్పటి న్యూ ఇంగ్లండు రమ్ము చాలావరకు చవక సరుకు, ఘాటుది. దానికి పీపా అంటే ముఖ్యంగా రవాణా డబ్బా.

ఇక లేబుల్ చెప్పిన చరిత్రకి వద్దాం. అందులో నిజం ఉంది. 1600ల చివరి నాటికే బోస్టన్ చుట్టుపక్కల రమ్ము బట్టీలు వెలిశాయి. ఇక్కడ చెరకు పండదు, మొలాసిస్ అంతా కరీబియన్ నుంచి రావాలి. బ్రాందీకి పోటీ వస్తుందని ఫ్రాన్స్ తన దీవుల రమ్ముని స్వదేశంలోకి రానివ్వలేదు. దాంతో ఫ్రెంచి దీవుల్లో మొలాసిస్ కారుచవక. న్యూ ఇంగ్లండు వర్తకులు అదే కొనేవాళ్ళు. ఇది ఆపాలని బ్రిటన్ 1733లో మొలాసిస్ చట్టం తెచ్చి, బ్రిటిష్‌ది కాని మొలాసిస్ మీద గ్యాలనుకి 6 పెన్నీల పన్ను వేసింది. ఎవరూ కట్టలేదు, అందరూ దొంగరవాణాకి దిగారు. 1764లో చక్కెర చట్టం పేరుతో దాన్ని 3 పెన్నీలకి తగ్గించి, ఈసారి గట్టిగా వసూలు చేయబోతే గొడవలు మొదలయ్యాయి. అమెరికా స్వాతంత్ర్యంలో మొలాసిస్ కూడా ఒక ముఖ్యమైన దినుసేనని ఒప్పుకోడానికి సిగ్గెందుకని జాన్ ఆడమ్స్ 1818లో ఒక ఉత్తరంలో రాశాడు. ఇంతవరకూ లేబుల్‌కి ఫుల్ మార్కులు.

మరి కాచిన రమ్ము ఎక్కడికి పోయింది? చాలా భాగం ఇక్కడివాళ్ళే తాగారు. కొంత పడమటి ఆఫ్రికా తీరానికి వెళ్ళింది, మనుషుల్ని కొనడానికి. రోడ్ ఐలండ్ ఓడల్ని ఆ తీరంలో "రమ్-మెన్" అనే పిలిచేవాళ్ళు. 1709 నుంచి 1807 లోపల రోడ్ ఐలండ్ వర్తకులు ఇలాంటి ప్రయాణాలు 930కి పైగా చేయించారనీ, లక్షమందికి పైగా ఆఫ్రికన్లని తీసుకెళ్ళారనీ చరిత్రకారుడు జే కాట్రీ లెక్క తేల్చాడు. అలా కరీబియన్‌కి చేరినవాళ్ళలో ఎందరో చెరకు తోటల్లోకే వెళ్ళారు. ఆ చెరకు మొలాసిస్ అయ్యి, మళ్ళీ రమ్ము అవడానికి ఇక్కడికే వచ్చేది.

అన్న ఉండే ప్రావిడెన్సు నుంచే 1764లో 'శాలీ' అనే ఓడ బయల్దేరింది. బ్రౌన్ అన్నదమ్ములు నలుగురిది. కెప్టెన్ ఈసెక్ హాప్కిన్స్. ఓడలో 17,274 గ్యాలన్ల రమ్ము, అంటే సుమారు 65 వేల లీటర్లు. దాని ఖాతా పుస్తకం పేజీల్ని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు. అర్ధరాత్రి కూర్చుని చూశాను. ఎన్ని గ్యాలన్లకి ఎంతమంది అని వరసగా రాసుకున్నాడు. తర్వాత చావులు. ఒక్కో చావుకీ తేదీ, వరస నంబరు. పేరు లేదు. రోజూ లాగ్ ఫైళ్ళు చదివే ఉద్యోగం నాది. ఏ లాగూ నన్ను అంతసేపు కదలకుండా కూర్చోబెట్టలేదు. కొన్నది 196 మందిని. చనిపోయింది కనీసం 109 మంది.. కొందరు రోగాలతో, కొందరు తిండి మానేసి, కొందరు తిరగబడి.

"ఆ కాలం అలాంటిది" అని మీలో కొందరు అంటారని తెలుసు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఆ నలుగురిలో ఒకడైన మోజెస్ బ్రౌన్ 1773లో తన బానిసల్ని వదిలేసి, మిగతా జీవితమంతా ఈ వ్యాపారం మీద పోరాడాడు. సొంత అన్న జాన్ బ్రౌన్ మాత్రం మానలేదు. 1794 నాటి చట్టం కింద 1797లో కోర్టుకెక్కి, 'హోప్' అనే ఓడని పోగొట్టుకున్నాడు. ఒకే ఇల్లు, ఒకే కాలం. ఇది తప్పని ఆ రోజుల్లోనే తెలిసినవాళ్ళు ఉన్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక బ్రిటిష్ దీవులతో వ్యాపారం దెబ్బతింది. లోపలి రాష్ట్రాల్లో మొక్కజొన్న, రై విస్కీ చవకయ్యింది. రమ్ము వెనకబడింది. మెడ్‌ఫర్డ్‌లోని పేరున్న బట్టీ 1905లో మూతపడింది. 1920-33 మద్యనిషేధం మిగిలినవాటిని చాలావరకు చుట్టబెట్టింది. మళ్ళీ చిన్న డిస్టిలరీలు వచ్చింది ఈ పాతికేళ్ళలోనే. కాబట్టి మూడొందల ఏళ్ళ సంప్రదాయం అంటే మధ్యలో పెద్ద ఖాళీ ఉన్న సంప్రదాయం.

ఇవాళ రమ్ము కాచేవాళ్ళు చేసిన పాపం కాదిది. వాళ్ళ పనితనం నాకు నచ్చింది కూడా. కానీ చరిత్రని చూపించి ఇంకో పది డాలర్లు అడిగినప్పుడు, నచ్చిన కామిట్లే ఉంచి మిగతావి లేపేసి చూపిస్తే ఎలా?

నిన్న అన్నకి ఫోన్ చేశాను. "అన్నా, ఆ రెండు మార్కులూ కథకేనే. నీళ్ళు రెండు చుక్కలు వేసి తాగితే ఇంకో అర మార్కు వెయ్యొచ్చు. ఆరున్నర."

"మరి లేబుల్‌కి?"

"సగం పేపరే రాశారు. మిగతా సగం రాశాక దిద్దుతాను."

సీసాలో ఇంకా సగం ఉందిట. ఈసారి వచ్చినప్పుడు శాలీ ఓడ ఎక్కిన రేవు చూపిస్తానన్నాడు. ముందు అటు వెళ్ళి, ఆ తర్వాతే గ్లాసులు తీద్దామన్నాను.