శుభలేఖలు ఇంట్లో చేసుకోవాలా, కొనాలా?

ఇక్కడ అమెరికాలో మా మరిది పెళ్లికి శుభలేఖల పని నాకే అప్పగించారు. అప్పుడు వేసుకున్న లెక్క ఇది, మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఇళ్లు లెక్కపెట్టండి. నలుగురున్న ఇంటికైనా ఒక్క కార్డే.

తర్వాత బరువు చూడండి. 300 జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం 300 గ్రాములు. ఆ లెక్కన 5×7 అంగుళాల కార్డు సుమారు 7 గ్రాములు. మామూలు స్టాంపు ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల వరకు సరిపోతుంది. చతురస్రపు కవరైనా, లోపల రిబ్బను ముడి, గట్టి వినాయకుడి బొమ్మ లాంటివి పెట్టినా పోస్టులో అదనపు చార్జీ పడుతుంది.

ఇంట్లో చేస్తే కాగితం, ఇంకు, పాడైపోయే కార్డులు కూడా ఖర్చులో కలపండి. మందపాటి కాగితం మీ ప్రింటరు తీసుకుంటుందో లేదో ముందే చూసుకోండి. చిక్కడపల్లి లాంటి చోట ఆర్డరిస్తే కార్డు ధరకు పార్సిల్ ఖర్చు, వచ్చే రోజులు కలపాలి. ఎక్కువ కార్డులైతే కొనడం, కొద్దివైతే చేసుకోవడం సాధారణంగా కలిసొస్తుంది.

ఎలా చేసినా తెలుగు అక్షరాలు జాగ్రత్త. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోతాయి. పీడీఎఫ్ చేసి, ఒక కాపీ అచ్చు తీసి, ఇంటిపేర్లు, ముహూర్తం పెద్దవాళ్లచేత చదివించండి.

మేమైతే పెద్దలకు కొన్నవి, స్నేహితులకు ఇంట్లో చేసినవి పంపాం. పసుపు మాత్రం అన్నిటికీ రాశాం.