చిత్తడిలో పుట్టి చలికి ఓర్చిన చెట్టు

మన కామాఠిపుర గల్లీలకు నడకదూరంలోనే బైకుల్లా రాణీబాగు ఉన్నది. 1862లో తెరిచిన ఆ తోటలో ఆఫ్రికా బావొబాబు మొదలైన పరదేశపు చెట్లు వేళ్లూని ఉన్నవి. ఒక ఆదివారం అక్కడ మా అమ్మాయి, "నాన్నా, వేడిదేశపు చెట్టు చలిదేశంలో బతుకుతుందా?" అని అడిగినది. వాళ్ల బాబాయి కెనడా వెళ్లి రెండేండ్లైనది. ప్రశ్నకు కారణం అదే. నేను మెట్రిక్ చదివిన రైల్వే గుమాస్తాను, వృక్షశాస్త్రం ఎరుగను. అయినా వెదకగా ఒక చెట్టు చరిత్ర దొరికినది.

దాని పేరు బాల్డ్ సైప్రస్, అనగా బోడి సైప్రస్. దేవదారు వంటి సూది ఆకుల చెట్లు సాధారణంగా ఏడాది పొడుగునా పచ్చగా ఉంటవి. ఇది మాత్రం చలికాలానికి ముందు ఆకులన్నీ రాల్చి బోడిగా నిలుస్తుంది. ఇట్లు ఆకు రాల్చునవి లార్చి, బంగారు లార్చి, మెటాసెక్వోయా, చైనా చిత్తడి సైప్రస్‌లతో కలిపి అయిదు తెగలే. మన దేశంలో సిక్కిం కొండలమీద లార్చి ఉన్నది. 1848-50 మధ్య అక్కడ తిరిగిన హూకర్ దొర దానిని వర్ణించి, గ్రిఫిత్ అను శాస్త్రజ్ఞుని పేరు పెట్టినాడు.

బాల్డ్ సైప్రస్ పుట్టిల్లు అమెరికా దక్షిణాన లూసియానా, ఫ్లోరిడా ప్రాంతాల చిత్తడి నేలలు. దాని కలప త్వరగా చివకదు; పడవలకు, నీటి తొట్లకు, రైలు స్లీపర్లకు వాడినారు. మన రైళ్లకు ఒకప్పుడు హిమాలయాల దేవదారు ఇదే సేవ చేసినది. నార్త్ కరోలినాలో బ్లాక్ నది ఒడ్డున 2,600 ఏండ్లు దాటిన చెట్టు ఉన్నదని 2019లో ప్రకటించినారు.

ఇట్టి చిత్తడి చెట్టు 1640 ప్రాంతంలో ఇంగ్లాండు చేరినది. అక్కడి వేసవి చల్లన గనుక ఎదుగుదల మందగించినది గాని చావలేదు. ఇప్పుడు కెనడాలో ఒంటారియో దక్షిణాన కూడ పెంచుతున్నారు. ముదిరిన చెట్టు సున్నకు దిగువ 25, 30 డిగ్రీల చలికి ఓర్చుకొంటుంది. నేల గడ్డకట్టినప్పుడు వేళ్లు నీరు తీయలేవు. ఆకులుంటే చెట్టు ఎండిపోతుంది. అందుకే ఆకు వదులుతుంది, వసంతంలో ఆలస్యంగా చిగురిస్తుంది. దాని బంధువైన మెటాసెక్వోయాను 1941లో శిలాజాలను బట్టి గుర్తించినారు. తరువాత చైనాలో బతికియున్న చెట్లే దొరికినవి. 1948లో వాటి విత్తనాలు దేశదేశాలకు వెళ్లినవి.

చలిదేశపు తోటమాలులు మూడు సంగతులు చెప్పుతారు. విత్తనం ఉత్తరపు కొసన పెరిగిన చెట్టుది కావలెను. తరతరాలుగా చలి ఎరిగిన చెట్టు పిల్లకే ఓర్పెక్కువ. ఎండ తగిలే తడినేల కావలెను, సున్నపు నేల పనికిరాదు. మొదటి రెండు మూడు శీతకాలాలు మొదట్లో ఎండుటాకులు మందంగా కప్పవలెను.

చిత్తడి మాట వచ్చినది గనుక మన పేట సంగతి చెప్పవలెను. ఈ చోటు కూడ ఒకప్పుడు సముద్రపు పోటుకు మునిగే పల్లమే. 1784 నాటికి హార్న్‌బీ వెల్లార్డ్ కట్టపడి నేల ఆరసాగినది. 1795 తరువాత నిజాం రాజ్యపు తెలుగు సీమనుండి కట్టడపు పనులకు వచ్చిన కామాఠీలు ఇక్కడ కుదురుకొన్నారు. పేటకు వారి పేరే నిలిచినది. మా తాత వచ్చిననాడు ఒకే ఖోలీలో పదిమంది ఊరివాళ్లు పడుకొనేవారట. కొత్తవానికి చాప పరచి, పని చూపి, మొదటి నెల అన్నం పెట్టినది వారే. ఆ మొక్కకు కప్పిన ఎండుటాకులు వారే గదా!

ఇప్పుడు పాత చాళ్లు పడగొట్టి కొత్తవి కట్టే మాటలు వినబడుతున్నవి. మళ్లీ ఎవరు ఎక్కడికి పోదుమో తెలియదు. ఆ చెట్టు రాల్చేది ఆకును గాని వేరును కాదు. మన పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారు, అక్షరాలు మాత్రం జారిపోతున్నవి. మా ఇంటి సంగతీ అంతే.

అందుకే ఈ ఉగాదికి మా అమ్మాయిని బాబాయికి తెలుగులో ఉత్తరం వ్రాయమన్నాను. ఆరు పంక్తులు వ్రాసినది. రెండుచోట్ల ఒత్తులు తప్పినవి. దిద్దకుండానే పోస్టు చేసినాను.