మనీబాల్ జట్టు: పొమ్మనలేక పొగబెట్టిన కథ

మన సాఫ్టువేరు జనానికి బేస్‌బాల్ తెలియకపోయినా మనీబాల్ తెలుసు. 2003లో మైకేల్ లూయిస్ రాసిన పుస్తకం, 2011లో బ్రాడ్ పిట్ వేసిన సినిమా. డేటా గురించి ఎవరు ప్రెజెంటేషన్ ఇచ్చినా ఎక్కడో ఒక స్లైడులో అది తగలాల్సిందే. డబ్బులేని ఓక్లండ్ జట్టు లెక్కలు కట్టి, చవగ్గా దొరికే ఆటగాళ్ళని ఏరుకుని, డబ్బున్న జట్లతో సమానంగా నిలబడింది. "బడ్జెట్ లేదు, ఉన్నదాంట్లోనే తెలివిగా చెయ్యండి" అని చెప్పాలనుకునే మేనేజర్లకి ఇంతకన్నా మంచి కథ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

అయితే ఆ జట్టు ఇప్పుడు ఓక్లండ్‌లో లేదు. 2024 సెప్టెంబరు 26న అక్కడ చివరి మ్యాచ్ ఆడేసి ఊరు విడిచింది. ఊళ్ళో జనం రాకపోవడం వల్ల పోలేదు (ఓనర్లు చెప్పేది అదే అనుకోండి). నా మటుకు నాకు ఇది పొమ్మనలేక పొగబెట్టిన కథ. మనీబాల్ కథలో అందరూ "డబ్బు లేకుండా ఎలా గెలిచారు?" అని అడుగుతారు. "అసలు డబ్బు ఎందుకు లేదు?" అని ఎవరూ అడగరు. ఆ రెండో ప్రశ్నకి జవాబు కావాలంటే నూట పాతికేళ్ళ చరిత్ర తిరగెయ్యాలి.

ముందు ఒక చిన్న సంగతి. ఐపీఎల్ వేలంలో జట్లన్నిటికీ పర్సు పరిమితి ఒకటే. అమెరికా బేస్‌బాల్‌లో అలా కాదు. జీతాలకి గట్టి పరిమితేమీ లేదు. మరీ ఎక్కువ ఖర్చుపెడితే పన్ను కట్టాలి, అంతే. ఓనరు ఎంత పెడితే అంత. అంటే అభిమాని ఆశ మొత్తం ఓనరు జేబు మీద ఆధారపడి ఉంటుందన్నమాట.

ఈ అథ్లెటిక్స్ జట్టు 1901లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. కానీ మాక్ అనే పెద్దాయన ఏకంగా 50 ఏళ్ళు మేనేజరుగా ఉన్నాడు, జట్టులో వాటాదారు కూడా. 1910, 1911, 1913లో వరల్డ్ సిరీస్ గెలిచారు. 1914లో ఫైనల్ దాకా వచ్చి ఓడారు. అప్పుడే ఫెడరల్ లీగ్ అని కొత్త పోటీ లీగ్ ఒకటి వచ్చి జీతాలు పెంచేసింది. మాక్ ఆ పోటీలోకి దిగకుండా కొందరిని వదిలేశాడు, కొందరిని అమ్మేశాడు. 1914లో 99 మ్యాచులు గెలిచిన జట్టు 1915లో 43 గెలిచింది, 1916లో 36. ఆ ఏడు ఓడినవి 117. 1900 తర్వాత గెలుపు శాతంలో ఇప్పటికీ అట్టడుగు రికార్డు అదే.

తర్వాత మళ్ళీ కట్టాడు. 1929, 1930లో కప్పులు. ఈసారి మహా మాంద్యం వచ్చింది, మళ్ళీ అమ్మకాలు మొదలు. లెఫ్టీ గ్రోవ్, మిక్కీ కాక్రేన్, జిమ్మీ ఫాక్స్, ఒక్కొక్కరూ లక్ష డాలర్లకో అంతకు పైనో వెళ్ళిపోయారు. ఇక్కడ మాక్‌కి న్యాయం చెయ్యాలి. ఆయనకి బేస్‌బాల్ తప్ప వేరే వ్యాపారం లేదు. టిక్కెట్లు అమ్ముడైతేనే జీతాలు. చేతిలో డబ్బు లేక అమ్మినవాడు ఆయన. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1955లో జట్టు కాన్సస్ సిటీకి మారింది. అక్కడ 13 సీజన్లు ఆడితే ఒక్కదాంట్లో కూడా గెలుపులు ఓటముల కంటే ఎక్కువ లేవు. కాస్త పైకొచ్చిన ఆటగాడల్లా న్యూయార్క్ యాంకీస్‌కి పోయేవాడు. 1961లో 61 హోమ్ రన్లు కొట్టి రికార్డు బద్దలుకొట్టిన రోజర్ మారిస్ కూడా ఇక్కణ్ణుంచి పోయినవాడే.

ఆ తర్వాత చార్లీ ఫిన్లీ. ఇన్సూరెన్స్ వ్యాపారి, 1960 చివర్లో జట్టుని కొన్నాడు, 1968లో ఓక్లండ్‌కి తెచ్చాడు. మహా సరదా మనిషి. 1972లో మీసాలు పెంచితే ఒక్కొక్కరికీ 300 డాలర్లు ఇస్తానన్నాడు. జట్టంతా మీసాలు మెలేసి 1972, 1973, 1974లో వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు కొట్టింది. కానీ మీసానికి డబ్బిచ్చిన మనిషి ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సింది ఇవ్వలేదు. క్యాట్‌ఫిష్ హంటర్ అనే మేటి పిచర్‌కి రావాల్సిన 50 వేల డాలర్ల వ్యవహారంలో మాట తప్పాడని 1974 చివర్లో మధ్యవర్తి తీర్పిచ్చాడు. కాంట్రాక్టు రద్దయింది, హంటర్ యాంకీస్‌కి పోయాడు. 1976 జూన్‌లో ఫిన్లీ ఇంకో ముగ్గురు స్టార్లని 35 లక్షల డాలర్లకి అమ్మబోతే బేస్‌బాల్ కమిషనర్ బౌవీ కూన్ అడ్డుపడ్డాడు. అమ్మకం ఆగిందిగానీ ఆటగాళ్ళు ఆగలేదు, తర్వాత ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు.

1978 సీజన్ మొదట్లో ఈ జట్టు మ్యాచుల్ని రేడియోలో ప్రసారం చేసింది ఎవరనుకున్నారు? బర్కిలీ యూనివర్సిటీ విద్యార్థులు నడిపే 10 వాట్ల స్టేషను! నాలుగేళ్ళ క్రితం వరల్డ్ ఛాంపియన్లు వాళ్ళు. 1979లో 108 మ్యాచులు ఓడారు. ఆ ఏప్రిల్‌లో ఒకరోజు టిక్కెట్టు కొన్నవాళ్ళు 653 మంది. ఏడాది మొత్తానికి 3 లక్షల 6 వేల మంది వచ్చారు. "ఓక్లండ్‌లో జనం రారండీ" అనే మాట గట్టిపడింది ఆ రోజుల్లోనే.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. 1980లో లీవైస్ జీన్స్ కంపెనీ కుటుంబానికి చెందిన వాల్టర్ హాస్ జట్టుని కొన్నాడు. అదే ఊరు, అదే కొలీజియం, అదే జనం. మారింది ఓనరు ఒక్కడే. ఊళ్ళో కుర్రాళ్ళకి కార్యక్రమాలు పెట్టాడు, ఆటగాళ్ళ మీద ఖర్చుపెట్టాడు. 1988 నుంచి వరసగా మూడేళ్ళు వరల్డ్ సిరీస్ ఆడారు, 1989లో గెలిచారు. 1990లో వచ్చిన జనం 29 లక్షలు! 1990ల మొదట్లో జీతాల పద్దులో దేశంలోనే పైవరసలో ఉన్న జట్టు ఇది.

3 లక్షలు ఎక్కడ, 29 లక్షలు ఎక్కడ. మనం బగ్ ఎక్కడుందో కనిపెట్టాలంటే ఏం చేస్తాం? మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కటి మార్చి చూస్తాం. చరిత్ర ఆ టెస్టు మనకోసం ఫ్రీగా చేసిపెట్టింది.

హాస్ 1995లో చనిపోయాడు. జట్టు ఓక్లండ్‌లోనే ఉండాలని స్థానికులైన స్టీవ్ షాట్, కెన్ హాఫ్‌మన్‌లకి తక్కువ ధరకే అమ్మించాడు. కొత్త ఓనర్లు జీతాలు కోసేశారు. అప్పటి జనరల్ మేనేజర్ శాండీ ఆల్డర్సన్, 1997లో ఆయన తర్వాత వచ్చిన బిల్లీ బీన్, ఉన్న డబ్బుతో ఏం చెయ్యాలా అని లెక్కల పుస్తకాలు ముందేసుకున్నారు. అంటే మనీబాల్ పుట్టింది పేదరికంలోంచి కాదు, ఓనర్ల నిర్ణయంలోంచి. 2002లో యాంకీస్ జీతాలు 12 కోట్ల డాలర్లు దాటితే ఓక్లండ్‌వి 4 కోట్ల దగ్గర. ఆ జట్టు వరసగా 20 మ్యాచులు గెలిచింది, మొత్తం 103 గెలిచింది. ఆ ఏడు జనం 21 లక్షలు దాటారు. రారన్నారుగా మరి?

బీన్ తెలివిని తక్కువ చెయ్యను. కానీ 2000 నుంచి 2003 దాకా నాలుగేళ్ళూ ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే, ప్రతిసారీ ఆఖరి ఐదో మ్యాచులో ఓడారు. ఆ జట్టుకి వెన్నెముకైన జియాంబీ, తెహాదా జీతాలు పెరిగే వేళకి వేరే జట్లకి వెళ్ళిపోయారు. హడ్సన్, మల్డర్ లాంటి పిచర్లని 2004 చివర్లో వేరే జట్లకి ఇచ్చేశారు. ఈలోపు బోస్టన్ రెడ్ సాక్స్ వాళ్ళు ఈ లెక్కలకి ఆద్యుడైన బిల్ జేమ్స్‌నే 2002లో ఉద్యోగంలో పెట్టుకున్నారు. లెక్కలూ ఉన్నాయి, డబ్బూ ఉంది. 2004లో, 86 ఏళ్ళ తర్వాత, కప్పు కొట్టారు. తెలివిని ఎవరైనా కాపీ కొట్టొచ్చు. చెక్కుబుక్కుని కాపీ కొట్టడమే కష్టం.

2005లో లూ వుల్ఫ్, జాన్ ఫిషర్ కలిసి 18 కోట్ల డాలర్లకి కొన్నారు. ఫిషర్ ఎవరో కాదు, గ్యాప్ బట్టల కంపెనీ పెట్టినవాళ్ళ కొడుకు. మాక్ లాగా టిక్కెట్ల డబ్బుతో ఇల్లు గడుపుకునే మనిషి కాదు. వాళ్ళు మొదట చూసింది మనవాళ్ళు ఎంతోమంది ఉండే ఫ్రీమాంట్. 2006లో సిస్కో పేరుతో అక్కడ స్టేడియం కడతామన్నారు. ట్రాఫిక్ అనీ పార్కింగ్ అనీ స్థానికులు, షాపులవాళ్ళు గొడవచేస్తే 2009లో ఆ ప్లాను వదిలేశారు. తర్వాత శాన్ హోజే అన్నారు, ఆ ప్రాంతం మాదని శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ ఒప్పుకోలేదు. తర్వాత ఓక్లండ్ రేవు దగ్గర హోవర్డ్ టెర్మినల్ అన్నారు. ఇన్నేళ్ళూ అభిమానులు విన్న పాట ఒకటే: "కొత్త స్టేడియం రానివ్వండి, అప్పుడు ఖర్చుపెడతాం."

న్యాయంగా చెప్పాలంటే కొలీజియం నిజంగానే దరిద్రంగా తయారైంది. 2013లో మురుగునీళ్ళు డ్రెస్సింగ్ రూముల్లోకి వచ్చాయి. ఊరి పెద్దల తప్పూ ఉంది. 1995లో ఫుట్‌బాల్ జట్టు రైడర్స్‌ని వెనక్కి రప్పించడానికి అప్పుచేసి, కొండల వ్యూని మింగేసేలా ఒక పెద్ద సిమెంటు గోడలాంటి స్టాండు కట్టారు. ఆ రైడర్స్ మళ్ళీ లాస్ వేగస్‌కి పోయారు, అప్పు మాత్రం ఊరికి మిగిలింది. కాబట్టి ఇంకో స్టేడియానికి డబ్బులివ్వడానికి ఊరు ఆచితూచి ఆలోచిస్తే తప్పెలా పడతాం?

2021 సీజన్ తర్వాత అసలు పొగ మొదలైంది. మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్మన్, క్రిస్ బాసిట్, షాన్ మనాయా, ఒక్కొక్కరినీ పంపేశారు. మేనేజరుని కూడా పోనిచ్చారు. ఇంకోపక్క సీజన్ టిక్కెట్ల ధరలు పెంచారు! సరుకు తీసేసి ధర పెంచితే ఏ కిరాణా కొట్టుకైనా జనం వస్తారా? 2022లో 102 ఓటములు, జనం 8 లక్షల లోపు. "చూశారా, జనం రావట్లేదు" అన్నారు. 2023లో జీతాల పద్దు 6 కోట్ల డాలర్ల లోపు, లీగులోకెల్లా అడుగున. అదే ఏడు న్యూయార్క్ మెట్స్ 33 కోట్లు దాటింది. ఏప్రిల్‌లో లాస్ వేగస్‌లో స్థలం చూసుకున్నామని ప్రకటించారు. జూన్ మొదటి వారానికి 12 గెలుపులు, 50 ఓటములు.

అప్పుడు అభిమానులు చేసిన పని నాకు భలే నచ్చింది. కోపం వస్తే ఎవరైనా బాయ్‌కాట్ చేస్తారు. వీళ్ళు ఉల్టా బాయ్‌కాట్ చేశారు. 2023 జూన్ 13, మంగళవారం, ఒక మామూలు రోజు, అందరం స్టేడియం నింపుదాం అన్నారు. 27,759 మంది వచ్చారు. "అమ్మెయ్యి" అని రాసున్న ఆకుపచ్చ చొక్కాలు, గొంతులు పోయేలా అవే అరుపులు. ఆ సీజన్లో అప్పటికి అందరికన్నా పైనున్న టాంపా బే జట్టుని 2-1తో ఓడించారు కూడా, అది వరసగా ఏడో గెలుపు. ఆ రాత్రి టిక్కెట్ల డబ్బు సుమారు 8 లక్షల 11 వేల డాలర్లు దానం చేస్తున్నట్టు యాజమాన్యం ప్రకటించాల్సి వచ్చింది. విచిత్రం ఏంటంటే, సరిగ్గా ఆ రోజే నెవాడా సెనేట్ లాస్ వేగస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చే బిల్లు పాస్ చేసింది. నవంబరులో 30 మంది ఓనర్లూ తరలింపుకి ఏకగ్రీవంగా సరేనన్నారు. ఒక్క ఓటు కూడా ఎదురు పడలేదు.

ఎందుకు పడుతుంది? లెక్క చూడండి. టీవీ కాంట్రాక్టుల డబ్బు లీగులో అందరికీ పంచుతారు. చిన్న జట్లకి పెద్ద జట్ల ఆదాయంలో వాటా వస్తుంది. గెలిచినా ఓడినా జట్టు విలువ పెరుగుతూనే ఉంటుంది. 18 కోట్లకి కొన్నదానికి ఫోర్బ్స్ పత్రిక 2024లో వేసిన విలువ సుమారు 120 కోట్లు. గెలవడానికి ఖర్చుపెట్టినా పెట్టకపోయినా ఆస్తి పెరుగుతుంటే గెలుపు మీద శ్రద్ధ ఎవరికుంటుంది? కోరుకునేది అభిమాని ఒక్కడే. అతనికేమో జట్టులో పైసా వాటా లేదు.

ఇంకో కొసమెరుపు. ఊరు విడిచిన మూడు నెలలు తిరక్కుండానే ఈ జట్టు లూయిస్ సెవరీనో అనే పిచర్‌కి 6 కోట్ల 70 లక్షల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. అప్పటికి జట్టు చరిత్రలో అదే పెద్దది. లీగ్ వాటా తీసుకుంటూ జీతాలకి పెట్టకపోతే ఆటగాళ్ళ యూనియన్ ఫిర్యాదు చేస్తుందన్న భయం కూడా కారణమని పత్రికలు రాశాయి. అంటే డబ్బు ఉంది. ఓక్లండ్ జనం ఎన్నేళ్ళు అరిచినా బయటికి రానిది రూలు అడిగేసరికి బయటికొచ్చింది.

మనకిది కొత్తేమీ కాదు. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012లో ఓనర్ల అప్పుల దెబ్బకి రద్దయితే హైదరాబాదులో అభిమానిని అడిగినవాడు లేడు. మనకి కనీసం వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది. ఓక్లండ్‌కి వార్షికంగా 81 మ్యాచులు, 57 సీజన్ల అలవాటు పోయింది. 2025 నుంచి జట్టు వెస్ట్ శాక్రమెంటోలో 14 వేల మంది పట్టే చిన్న మైదానంలో ఆడుతోంది, పేరులో ఏ ఊరి పేరూ లేకుండా. ఆఖరి రోజు కొలీజియానికి వచ్చినవాళ్ళు 46,889 మంది. ఓక్లండ్ జనం ఊరుకోలేదు లెండి. బాలర్స్ అని చిన్న లీగు జట్టు పెట్టుకున్నారు, అందులో అభిమానులు కూడా వాటాలు కొనుక్కున్నారు. అది 2025లో తన లీగు గెలిచేసింది.

కాబట్టి ఈసారి మీటింగులో ఎవరైనా మనీబాల్ స్లైడు వేసి తక్కువలో ఎక్కువ చెయ్యండి అంటే, మర్యాదగానే ఒక్క మాట అడగండి. "తక్కువ అన్నది నిజంగా లేకనా, ఇవ్వకనా?" జవాబుని బట్టి ఉండాలో రెజ్యూమె దులపాలో తేల్చుకోవచ్చు. మనకి ఆ వీలుంది. అభిమానికి అదీ లేదు.