ప్రయోగశాల నుంచి పల్లె దాకా: వైద్య విద్యార్థికి పరిశోధన నేర్పిన తీరు

తెలుగునాట వైద్య విద్యార్థికి పరిశోధన నేర్పడం రెండు దారుల్లో సాగింది. మొదటిది, పరిశోధన చేస్తున్న గురువు పక్కన నిలబడి నేర్చుకోవడం. రెండోది, పాఠ్యప్రణాళికలో భాగంగా నేర్చుకోవడం. మొదటి దారి 1880ల నాటికే ఉంది. రెండోది నిలదొక్కుకోవడానికి వందేళ్లకు పైగా పట్టింది.

హైదరాబాద్ వైద్య పాఠశాల 1846లో మొదలైంది. తర్వాతి కాలంలో ఉస్మానియా వైద్య కళాశాల అయింది ఇదే. 1880ల మధ్యలో దీని బాధ్యతలు చేపట్టిన ఎడ్వర్డ్ లారీ, ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. మత్తుమందు క్లోరోఫాం ఇచ్చేటప్పుడు కనిపెట్టాల్సింది నాడిని కాదు, ఊపిరినే అన్న సైమ్ బోధననే లారీ అనుసరించాడు. క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపగలదని లండన్ వైద్యుల్లో చాలామంది వాదించేవారు. దీన్ని తేల్చడానికి 1888లో హైదరాబాద్‌లో మొదటి క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, లారీ మాటే నిజమంది. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. ఆ పత్రిక ప్రతినిధిని రప్పించడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1,000 పౌండ్లు ఇచ్చింది. 1889లో లాన్సెట్ ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువులపై మళ్లీ ప్రయోగాలు జరిగాయి. రెండో కమిషన్ కూడా లారీనే సమర్థించింది.

పాఠశాలలో చదివేవారికి ఇదంతా దగ్గరి నుంచి చూసే అవకాశం దక్కింది. ఇక్కడే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు వైద్యంలో తొలితరం మహిళగా పేరు తెచ్చుకుంది. అయితే ఈ ప్రయోగాల అసలు పాఠం తర్వాత గానీ తెలియలేదు. క్లోరోఫాం మోతాదు తక్కువగా ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చని 1911లో వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాల్లో చూపాడు. ముందే కుదిరిన నమ్మకాన్ని రుజువు చేయడానికి పూనుకుంటే ప్రయోగాల సంఖ్య ఎంత పెరిగినా తప్పు దిద్దుకోదు. గురువు వెంట నేర్చుకునే పద్ధతికి ఉన్న లోపం కూడా ఇదే. గురువు నైపుణ్యంతో పాటు గురువు నమ్మకమూ శిష్యుడికి సంక్రమిస్తుంది.

వైద్యానికి బయట, 1880లలోనే కర్నూలు ప్రాంతంలోని బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లోనూ పరిశోధన ఇలా పక్కనుండి నేర్చుకునే తీరుగానే సాగింది. 1840లలో సైనికాధికారి న్యూబోల్డ్ వెలుగులోకి తెచ్చిన ఈ గుహలను 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించాడు. తవ్వకం పని చాలావరకు చూసింది ఆయన కొడుకు, సైన్యంలో లెఫ్టినెంట్ హెన్రీ. దొరికిన జంతువుల ఎముకలను గుర్తించి 1886లో వివరాలు ప్రచురించినవాడు పురాజీవ శాస్త్రవేత్త లిడెక్కర్. తవ్వే పని తండ్రి నుంచి కొడుక్కి అందింది. ఎముకను చదివే విద్య మాత్రం ఆ రంగంలో ఆరితేరినవాడి చేతిలోనే ఉంది.

కర్నూలు, కడప జిల్లాల విద్యార్థులు వైద్యం చదవాలంటే ఆ రోజుల్లో మద్రాసు వెళ్లాలి. 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల వచ్చింది. అయినా ఈ కళాశాలల ప్రయోగశాలల్లో విద్యార్థి చేసేది అప్పటికే ఫలితం తెలిసిన ప్రయోగం. కొత్త ప్రశ్న వేయడం అతని పనిలో లేదు. ఈ పరిస్థితిని కదిలించింది 1946 నాటి భోర్ కమిటీ నివేదిక. ప్రతి కళాశాలలో వ్యాధి నివారణ, సామాజిక వైద్య విభాగం ఉండాలని అది సూచించింది. ఆంధ్ర రాష్ట్ర రాజధాని హోదాను కర్నూలు కోల్పోయిన 1956లోనే అక్కడ వైద్య కళాశాల మొదలైంది. ఇలాంటి కళాశాలల్లో సామాజిక వైద్యం ద్వారా విద్యార్థి ఆస్పత్రి దాటి ఇంటింటి సర్వేకు వెళ్లాడు. జబ్బుతో వచ్చినవాళ్లను లెక్కపెట్టడం వేరు, ఊరిలో జబ్బు ఎంత ఉందో లెక్కకట్టడం వేరు అని తెలిసేది ఈ సర్వేలోనే.

పరిశోధనకే ప్రత్యేకించిన అవకాశం 1979లో వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి డిగ్రీ స్థాయి వైద్య విద్యార్థుల కోసం స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ప్రారంభించింది. విద్యార్థి ఒక గైడ్‌ను ఎంచుకుని ప్రతిపాదన రాయాలి. అది ఎంపికైతే రెండు నెలల్లో అధ్యయనం ముగించి నివేదిక పంపాలి. నివేదిక ఆమోదం పొందితేనే సర్టిఫికెట్, స్టైపెండ్ అందుతాయి. ఎండీ విద్యార్థికి థీసిస్ తప్పనిసరి. ఎంబీబీఎస్‌లో ఆ నిబంధన లేదు కాబట్టి, ఒక అధ్యయనాన్ని మొదటి నుంచి చివరిదాకా నడిపే అనుభవం చాలామందికి ఈ పథకం ద్వారానే దక్కింది. కానీ ఇది ఇష్టమున్నవారికే పరిమితం.

2019లో అమల్లోకి వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికతో పరిశోధన అందరి చదువులోకీ ప్రవేశించింది. పరిశోధన ప్రశ్నను రూపొందించడం, శాంపిల్ ఎంచుకోవడం, గణాంక పరీక్షలను వర్తింపజేయడం కమ్యూనిటీ మెడిసిన్‌లో నేర్వాల్సిన సామర్థ్యాలుగా చేరాయి. విద్యార్థి స్వయంగా ఎంచుకునే ఎలక్టివ్‌లలో కొంతకాలం ప్రయోగశాలలోనో, పరిశోధకుడి దగ్గరో గడపవచ్చు. 2022లో కుటుంబ దత్తత కార్యక్రమం మొదలై, మొదటి ఏడాది నుంచే విద్యార్థికి పల్లెతో సంబంధం ఏర్పడింది. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకోవడంతో బేతంచెర్ల లాంటి ఊళ్లకు ఈ చదువు దగ్గరైంది.

ఈ నైపుణ్యాలు పనిలో ఎలా ఉంటాయో బేతంచెర్ల నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలను తీసుకుని ఆలోచిస్తే తెలుస్తుంది. రాతి ధూళిలో పనిచేసేవారికి దగ్గు ఎక్కువా అన్నది అనుమానమే, ఇంకా ప్రశ్న కాలేదు. ఎన్నేళ్లు పనిచేసినవారు, దగ్గు అంటే ఎన్నాళ్లున్న దగ్గు, ఎవరితో పోల్చి ఎక్కువ అన్నవి తేలితేనే అది ప్రశ్న అవుతుంది. పోల్చడానికి అదే వయసులో ఉండి రాతి పని చేయనివారు కావాలి. బీడీ తాగేవారిని విడిగా లెక్కించాలి. ఎంతమందిని చూడాలో ముందే లెక్కగట్టాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో రాసిన సమ్మతి పత్రం ఉండాలి. ఫ్యాక్టరీలో ఉన్నవాళ్లనే పరీక్షిస్తే లెక్క తప్పుతుంది. జబ్బు ముదిరినవాళ్లు పని మానేసి ఇంటి దగ్గర ఉంటారు. వాళ్లను వెతుక్కుంటూ వెళ్లకపోతే ధూళి వల్ల హాని లేదన్న తప్పు ముగింపు వస్తుంది.

ఇలాంటి జాగ్రత్త ఉపన్యాసంతో రాదు. పక్కనుండి తప్పులు చూపే గైడ్ కావాలి. గైడ్ అభిప్రాయాన్ని కూడా పరీక్షించే పద్ధతి కావాలి. ఒకప్పుడు గురువు ఉండి పద్ధతి కొరవడింది. ఇప్పుడు పద్ధతి పుస్తకంలో ఉంది, గైడ్‌కు, విద్యార్థికి తీరిక తక్కువ. పీజీ ప్రవేశ పరీక్షలో అడిగేది సరైన జవాబు గుర్తించడమే కావడంతో చివరి ఏళ్లు ఆ తయారీకే పోతున్నాయి. ప్రణాళికలో పరిశోధనకు స్థానం దొరికింది గానీ, తగినంత సమయం ఇంకా దొరకలేదు.