పాసుపుస్తకం లేని రైతు

మా నాయన రైతు. ఈ చిన్న మాట కాగితం మీద పెట్టడానికి నాకు ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. నన్ను బడిలో చేర్చిననాడు దరఖాస్తులో తండ్రి వృత్తి అనే చోట 'కూలి' అని రాశారు. రేషన్ కార్డులోనూ అదే మాట. నాయనకు చదువు రాదు కాబట్టి అక్కడ ఏం రాశారో ఆయనకు తెలియదు. తెలిసినా ఎదురు చెప్పేవాడు కాదేమో.

మాది తెనాలి మండలం నందివెలుగు దగ్గర ఒక యానాది పాలెం. కృష్ణా పశ్చిమ డెల్టా నేల ఇది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు వచ్చాయి, కాలవల వెంట మాగాణి వచ్చింది, మాగాణికి పట్టాలు వచ్చాయి. ఆ పట్టాల్లో మన వాళ్ళ పేర్లు లేవు. మన వాళ్ళు కాలవల పూడిక తీశారు, చేలకు కావలి ఉన్నారు, ఎలుకలు పట్టారు. మా తాత బొరియ ముందు కుండలో గడ్డి కాల్చి పొగ ఊదేవాడు. ఎలుకకు ఇంత అని ఆసామి ఇచ్చేవాడు. బొరియ తవ్వితే ఎలుక దాచుకున్న వరి కంకులు దొరికేవి. అవే మా ఇంటి గింజలు.

రెవెన్యూ దస్తరంలో లేని మన పేర్లు పోలీసు దస్తరంలో మాత్రం ఉన్నాయి. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేశారు. తర్వాత దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చి ఎరుకలను, కొన్ని చోట్ల యానాదులను ఆ జాబితాలో చేర్చారు. మనకు దగ్గరలోని స్టూవర్టుపురం ఆ కాలంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఎరుకల సెటిల్మెంటే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. చట్టం పోయింది గానీ భూమి రాలేదు. 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులం 4 లక్షల 62 వేల మందిమి. డెల్టాలో మా పాలేల చుట్టూ ఉన్నవన్నీ పచ్చని చేలే, వాటిలో మావి ఎన్ని?

1981లో మా నాయన ఎకరం కౌలుకు తీసుకున్నాడు. మా పాలెంలో అప్పటికి ఎవరూ ఆ పని చెయ్యలేదు. "ఎలుకలు పట్టేవాడివి, నీకెందుకురా సేద్యం" అని ఆసామి నవ్వాడట. "ఎలుక ఎక్కడ తింటదో తెలిసినోడికి వరి ఎక్కడ పండుద్దో తెలవదా అయ్యా" అన్నాడట మా నాయన. కాగితం లేదు, సంతకం లేదు, అంతా నోటిమాట. ఎకరానికి పాతిక బస్తాలు పండితే పదిహేను కౌలుకు పోయేవి. తర్వాత అది రెండెకరాలైంది. 1986లో బాపట్ల నుంచి బి.పి.టి. 5204 విడుదలయ్యాక ఆ సాంబ మసూరి మా చేలోకీ వచ్చింది. ఎరువుల అప్పు పోను వరిలో ఏమీ మిగిలేది కాదు. మినుములే మా మిగులు.

మినుము చల్లడంలో నాయన గట్టివాడు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న వరిలోనే విత్తనం చల్లాలి. పదును ఎక్కువైతే విత్తనం కుళ్ళిపోతుంది, తక్కువైతే మొలవదు. నాయన మడమతో నేలను నొక్కి, ఆ గుంటలోకి ఊరే చెమ్మ చూసి "ఇవాళ కాదు, ఎల్లుండి" అనేవాడు. పెద్ద ఆసాములు కూడా ఆయన చల్లేరోజు కోసం చూసేవారు. నేను చదువుకుంటున్నానని ఆ విద్య నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

2002లో దేశమంతా కరువు. కాలవ నీళ్ళు అందీ అందక వంతులు వేసుకున్నారు. మా వంతు రాత్రి వచ్చింది. నాయన మడవ తిప్పడానికి పోయి, తిరిగి వచ్చి కాలు కడుక్కుంటూ "పీత కరిచినట్టుంది" అన్నాడు. వాపు లేదు, పెద్ద నొప్పీ లేదు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. అప్పుడు కట్లపాము అని పెద్దలు గుర్తుపట్టారు. తాడు బిగించి కట్టారు, ఆకు పసరు పోశారు. పాములకు మందు తెలిసిన తెగ అని మాకు పేరు. ఆ పేరే మమ్మల్ని ఆ రాత్రి ఆసుపత్రికి పోనివ్వలేదు. తెల్లారేసరికి ఊపిరి ఆగిపోయింది. ఆ సాయంత్రమే పూడ్చిపెట్టాం. అప్పుడు నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రాత్రి నేను కూడా "తాడు విప్పండి, బండి మాట్లాడండి" అనలేకపోయాను.

కొన్నాళ్ళకు అమ్మను తీసుకుని ఒక కార్యాలయానికి పోయాను. పాసుపుస్తకం ఉందా? లేదు. పోలీసు కేసు, పోస్టుమార్టం? లేవు. మరణ ధ్రువపత్రం? లేదు. "మరి ఆయన రైతని, పాము కరిచి పోయాడని ఎట్లా నమ్మేది?" అన్నారు. అమ్మ చేతులు చూపించింది. మోచేతుల దాకా వరి కోసుకుపోయిన గీతలు. అవి కాగితం కిందికి రావు.

మా నాయన ఒక్కడి సంగతే కాదని తర్వాత తెలిసింది. 2001 నుంచి 2003 వరకు జరిగిన మరణాల గురించి దేశమంతటా ఇళ్ళకు పోయి, కుటుంబాలను అడిగి చేసిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. దాని ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. దేశంలో ఏటా పాము కాటుకు దాదాపు 45,900 మంది పోతున్నారని తేలింది. ఆసుపత్రి లెక్కల కంటే ఇది ముప్ఫై రెట్లు ఎక్కువ. అందులో 97 శాతం పల్లెల వాళ్ళే. మరణాల రేటు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, లక్షకు 6.2 మంది. దస్తరాలు చెప్పని నిజం ఇంటికి పోయి అడిగితే బయటపడింది. చరిత్ర రాసే పద్ధతి కూడా ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది.

తమిళనాడులో మనలాంటి తెగ ఇరుళులది. వాళ్ళు 1978లో చెన్నై దగ్గర పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పెట్టుకున్నారు. పాముల నుంచి విషం తీసి మందు తయారు చేసేవాళ్ళకు అమ్ముతారు. పాము కాటుకు ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షన్ ఆ విషం నుంచే వస్తుంది. వాళ్ళకు తెలిసిన విద్య సంఘమైంది, లెక్కకెక్కింది, ప్రాణాలు నిలిపే మందైంది. మా నాయనకు తెలిసిన మినుము పదును ఆయనతోనే మట్టిలో కలిసింది.

చట్టాలు లేవని కాదు. కౌలుదార్ల రక్షణకు 1956లోనే చట్టం వచ్చింది. 2011లో సాగుదార్లకు రుణ అర్హత కార్డులన్నారు. 2019 చట్టంతో పదకొండు నెలల సాగు హక్కు పత్రం వచ్చింది. దానికి భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని భయపడే ఆసామి ముందు మనవాడు నోరు విప్పలేడు. అక్కడ చదువుకున్న పిల్లలు పక్కన నిలబడాలి. పంట రాసిస్తే భూమి రాసిచ్చినట్టు కాదని ఆ చట్టాన్నే చదివి వినిపించాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, తోటి ఉపాధ్యాయులూ, మీకు నేను చెప్పేది కొంచెమే. పాము కరిస్తే కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపొండి. తాడు కట్టొద్దు, పసరు కోసం ఆగొద్దు. ఇంట్లో ఎవరైనా పోతే ఏడుపులోనే అయినా సరే, 21 రోజుల లోపు మరణం నమోదు చేయించండి. బడిలో దరఖాస్తు నింపేటప్పుడు తండ్రి ఏం చేస్తాడో బిడ్డను అడిగి రాయండి.

ఇంకొక్కటి. మా బడిలో ఐదో తరగతి పిల్లలకు ఏటా ఒక పని ఇస్తాను. మీ అయ్య, మీ తాత ఏ చేలో చేశారు, ఏ కాలవ కింద, ఎన్నేళ్ళు, ఏం పండించారు, ఏ విద్య తెలుసు, అడిగి రాసుకురమ్మంటాను. మొదటిసారి పిల్లలకు చూపించడానికి నేనే ఒకటి రాశాను: "మా నాయన 1981 నుంచి 2002 వరకు నందివెలుగు దగ్గర ఇరవై ఒక్క ఏళ్ళు వరి, మినుము పండించాడు. రైతు." అమ్మకు చదివి వినిపించాను. "మినుము ముందు రాయి, ఆయనకు అదే ఇష్టం" అంది. మార్చి రాశాను.