ఫోను వొకటే, వూడలు వెయ్యి

గాండ్లపెంట అన్న పేరులోనే నూనె గానుగ చప్పుడు వినిపిస్తుంది. గాండ్లవారంటే గానుగ ఆడించేవారే కదా! కదిరి ప్రాంతంలోని యీ వూరికి పొరుగున, గూటిబయలులో, తిమ్మమ్మ మర్రిమాను వుంది. 1989లో గిన్నిస్ బుక్కుకి ఎక్కిన చెట్టు. అయిదెకరాలకి కాస్త తక్కువగా పరుచుకుంది. లోపలికి వెళ్ళి నిలబడితే అసలు మాను ఏదో, వూడ ఏదో పోల్చుకోవటం కష్టం.

సెల్‌ఫోన్ల కథ చెప్తానని మర్రిచెట్టు దగ్గర కూచోబెట్టిందేమిటీ అనుకోకండి. ఫోను కంపెనీల వాళ్ళు ‘ఎకోసిస్టం’ అని వొక మాట తెగ వాడుతుంటారు. దాన్ని అర్థం చేసుకోవటానికి నాకు యీ చెట్టుకన్నా మంచిది దొరకలేదు. ఫోను మాను. అందులోకి దింపుకునే యాప్‌లు, అవి దొరికే అంగడి, ఫోటోలు దాచుకునే చోటు, డబ్బు పంపే దారి — యివన్నీ వూడలు. వూడలు నేలలో దిగాక చెట్టుని మరో చోట నాటటం ఎవరి తరం?

మొదట్లో మనకి యీ గొడవ లేదు. 1995 జూలై 31న దేశంలో తొలి సెల్‌ఫోను మాట కలకత్తా నించి ఢిల్లీకి వెళ్ళింది. మన యిళ్ళలోకి అది రావటానికి చాలా ఏళ్ళు పట్టింది. 2003లో నోకియా 1100 వచ్చింది, గుర్తుందా? నెత్తిమీద చిన్న టార్చిలైటు. కరెంటు పోయినప్పుడు పోపులడబ్బా వెతుక్కోవటానికి అంతకన్నా నమ్మకమైన తోడు లేదు. ప్రపంచం మొత్తం మీద యిరవై అయిదు కోట్లకి పైగా అమ్ముడుపోయింది. లోపల వున్నదేమిటి? నాలుగు నంబర్లు, కాసిని మెసేజీలు, వొక పాము ఆట. ఫోను మార్చాలంటే సిమ్ము తీసి కొత్తదాంట్లో పెట్టటమే. పుట్టింటి నించి అత్తింటికి వచ్చినంత కష్టం కూడా లేదు.

2007లో ఆపిల్ వారి ఐఫోను అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మరుసటి సంవత్సరం జూలైలో ఆపిల్ వారే యాప్‌ల అంగడి తెరిచారు, అయిదు వందల సరుకులతో. అదే 2008 అక్టోబరులో గూగుల్ వారి ఆండ్రాయిడ్‌తో నడిచే తొలి ఫోను వచ్చింది. అసలు పోటీ అక్కణ్ణించి మొదలు.

ఆపిల్‌ది మడి కట్టుకున్న వంటిల్లు. పొయ్యీ వాళ్ళదే, గిన్నెలూ వాళ్ళవే, యింకొకళ్ళు ముట్టుకోకూడదు. శుభ్రం వుంటుంది, రుచీ వుంటుంది, ఖర్చు మాత్రం అడక్కండి. గూగుల్‌ది సత్రం. వంట తమది, విస్తరి ఎవరైనా వేసుకోవచ్చు. శామ్‌సంగ్ వాళ్ళు వేశారు, చైనా వాళ్ళు వేశారు, 2009లో హైదరాబాదులో పుట్టిన మన సెల్‌కాన్ కూడా వేసింది. సత్రంలో వొకోసారి వడ్డన ఆలస్యమవుతుంది, వొకోసారి కూరలో వుప్పు ఎక్కువవుతుంది. అయినా నలుగురికీ అన్నం పెట్టింది అదే. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ వారు షావోమీ ఫోన్లు చెయ్యటం మొదలుపెట్టినప్పుడు, ఆ బల్లల దగ్గర పనికి చేరినవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల వూళ్ళ ఆడపిల్లలే.

మరి మన టార్చిలైటు నోకియా ఏమైంది? ఆ కథలో అనంతపురం పేరు కూడా వస్తుంది.

2011 ఫిబ్రవరి నాటికి, లెక్కకి, ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ఫోన్లు అమ్మేది నోకియానే. అయినా ఆ కంపెనీ పెద్ద స్టీఫెన్ ఎలాప్ తన వుద్యోగులకి వొక వుత్తరం రాశాడు. మనం నిలబడ్డ చోటు మంటల్లో వుంది, పోటీదార్లు మనల్ని ఫోన్లతో కొట్టటం లేదు, ఎకోసిస్టంతో కొడుతున్నారు అని దాని సారాంశం. జబ్బు సరిగ్గానే పట్టుకున్నాడు. మందు దగ్గరే వచ్చింది చిక్కు. పోయి మైక్రోసాఫ్ట్‌తో చెయ్యి కలిపాడు. లూమియా ఫోన్లు వచ్చాయి. ముచ్చటైన రంగులు, గట్టి ఒళ్ళు. కానీ అంగడిలో సరుకేదీ? యూట్యూబు యాప్‌ని మైక్రోసాఫ్ట్ తనే తయారుచేసుకుంటే 2013లో గూగుల్ దాన్ని ఆపేసింది. కొనేవాళ్ళు లేరని యాప్‌లు చేసేవాళ్ళు రారు, యాప్‌లు లేవని కొనేవాళ్ళు రారు. పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు అన్నట్టుంది.

ఆ 2013లోనే నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొంటామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2014 ఫిబ్రవరిలో ఆ సంస్థకి అధిపతి అయినవారు సత్య నాదెళ్ళ. పుట్టింది హైదరాబాదులో, పూర్వీకులది అనంతపురం జిల్లా యల్లనూరు మండలం బుక్కాపురం. నోకియాని కొనటం తనకి యిష్టం లేదనీ, లోపల అభిప్రాయం అడిగినప్పుడు వద్దనే చెప్పాననీ 2017లో వచ్చిన తన పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. కానీ 2014 ఏప్రిల్‌లో ఆ బేరం పూర్తయ్యింది ఆయన కుర్చీలో వుండగానే. మరుసటి ఏడు జూలైలో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసి, 7,800 మంది వుద్యోగాలు తీసేస్తున్నామని చెప్పాల్సివచ్చిందీ ఆయనకే. మన లెక్కలో అప్పటికి సుమారు 48 వేల కోట్ల రూపాయలు! పెద్దలు కుదిర్చిన సంబంధాన్ని పిల్లవాడు తెంచుకోవటం లాంటిది. కాకపోతే కట్నం పెట్టినవాళ్ళదే, ఏడుపు వుద్యోగాలు పోయినవాళ్ళది.

టాబ్లెట్ల సంగతీ యింతే. 2010లో ఐప్యాడ్ వచ్చింది. మరుసటి ఏడు అక్టోబరులో మన దేశం ‘ఆకాశ్’ తెచ్చింది. హైదరాబాదులో బిగించిన పలక! ప్రభుత్వం కొన్న ధర వొక్కోటి రూ. 2,300 లోపే. ఆశ మంచిది. కానీ తెర గోటితో నొక్కితేగాని కదిలేది కాదు. ఆండ్రాయిడ్ వుంది గాని గూగుల్ వారి అంగడి అందులో లేదు. వూడల్లేని మర్రి అన్నమాట. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి అయిదు లక్షలకి పైగా శామ్‌సంగ్ టాబ్‌లు పంచింది. పరికరం యీసారి గట్టిదే. పాఠాలు మాత్రం బైజూస్ కంపెనీవి. ఆ కంపెనీ 2024 జూలైకి దివాలా విచారణలో పడింది. ఆకాశ్‌కి అంగడి కరువైతే, యీ టాబ్‌లకి పాఠాలు రాసిన యిల్లే కుదేలయ్యిందన్నమాట.

మడి వంటింట్లోనూ పొరపాట్లు జరుగుతాయి సుమా! 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం వొకటి ఐఫోన్లని పడగొట్టింది. ‘జ్ఞా’ అన్న అక్షరం మధ్యలో కంటికి కనిపించని గుర్తొకటి చేరి వచ్చిందా, ఆ మెసేజి తెరిచిన యాప్ కుప్పకూలేది. అది పైన నోటీసుగా కనిపిస్తే ఫోనే మొరాయించేది. ఆండ్రాయిడ్ ఫోన్లకి ఏమీ కాలేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ మందు పంపింది. లోకంలో వున్నవాళ్ళందరూ అల్లరిగా ఆ అక్షరాన్ని స్నేహితులకి పంపుకున్నారు. ఒత్తులూ గుణింతాలూ వున్న భాష వాళ్ళ పరీక్షల్లో ఎంత వెనకబెంచీలో కూచుందో అప్పుడు తెలిసింది. మన తెలుగుని డబ్బాలు డబ్బాలుగా చూపించిన పాత ఫోన్లు వాడినవాళ్ళకి యిది కొత్త కాదనుకోండి.

ఇంతకీ ఏది కొనాలంటారా? కెమెరా ఎన్ని మెగాపిక్సెల్లని దుకాణంవాడు అడక్కుండానే చెప్తాడు. అడగాల్సింది వేరే వుంది. అమెరికా నించి అబ్బాయి ఐఫోను తెచ్చిపెడతాడు. పాత ఆండ్రాయిడ్‌లో మనవడి బోసినవ్వులున్నాయి, పోయిన అత్తగారు వాట్సాప్‌లో పంపిన గొంతు వుంది. 2022 దాకా ఆ వాట్సాప్ మాటలు ఆండ్రాయిడ్ నించి ఐఫోనుకి తిన్నగా దాటేవి కావు. ఆ ఏడు వీలు కల్పించారు, అదీ కొత్త ఫోనులో యింకా ఏమీ నింపక ముందే చేసుకోవాలి. పెట్టె విప్పిన సంబరంలో అబ్బాయి అన్నీ అమర్చేస్తుంటే, “నాయనా, కాస్త ఆగు, ముందు నానమ్మ గొంతు యిటు రానీ” అనండి.