జీపుకు కడసీల

అమెరికాలో ట్రాక్టర్ సామాన్లు అమ్మే కొట్టుకు పోతే గోడకు వేలాడుతూ ఒక వస్తువు కనిపిస్తుంది. అరంగుళం లావు ఉక్కు పిన్ను, దాని కొసన చిన్న బెజ్జం, ఆ బెజ్జంలో దూర్చే స్ప్రింగు క్లిప్పు. పొలం పనిముట్లను ట్రాక్టరుకు తగిలించడానికి చేసిన సరుకు అది. మన ఎడ్లబండి చక్రం ఇరుసు నుంచి జారిపోకుండా కొట్టే కడసీలకు వరసకు తమ్ముడు. ఖరీదు కొద్ది డాలర్లే. బండరాళ్ల దారుల్లో జీపులు తోలే అక్కడి సరదారాయుళ్లు ఈ రైతు సరుకును తెచ్చి ముందు ఇరుసు దగ్గర దూర్చారు. మలుపుల్లో బండి ఒరగకుండా కంపెనీ ఇంజనీర్లు బోల్టులేసి బిగించిన స్వే బార్‌ను కావాలన్నప్పుడు విప్పుకోవడానికి, మళ్లీ తగిలించుకోవడానికి.

ఆ బార్‌ది పెద్ద వయసే. కెనడాలో ఫ్రెడరిక్టన్ అనే ఊరి మనిషి స్టీఫెన్ కోల్‌మన్ 1919 ఏప్రిల్ 22న దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. కానీ రెండో ప్రపంచయుద్ధం దాకా దాన్ని పట్టించుకున్న కార్లు తక్కువ. అప్పటి కార్ల స్ప్రింగులు బిరుసు, మలుపుల్లో బండి కాస్త ఒరిగినా జనం సర్దుకుపోయేవారు. 1950ల నుంచి కార్లకు మెత్తటి కాయిల్ స్ప్రింగులు మామూలయ్యాయి. కూర్చున్నవాడికి సుఖం పెరిగింది, మలుపులో ఒరుగుడూ పెరిగింది. అప్పుడు గుర్తొచ్చింది కోల్‌మన్ ఉపాయం.

చూడ్డానికి అదేమీ బ్రహ్మవిద్య కాదు. తిరగేసిన గుమ్మం ఆకారంలో రెండు కొసలూ వంచిన స్ప్రింగు ఉక్కు కడ్డీ. నడుము భాగం రబ్బరు బుష్‌ల మధ్య ఛాసిస్‌ను పట్టుకుని ఉంటుంది. రెండు కొసలూ చెరో లింకు రాడ్డుతో ఎడమ, కుడి చక్రాల పక్కన ఇరుసుకు కలుస్తాయి. స్పీడ్‌బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే కడ్డీ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, ఎవరికీ అడ్డం రాదు. ఒక్క చక్రమే లేస్తే మాత్రం అది మెలిపడాలి. మెలిపడటానికి ఉక్కు ఒప్పుకోదు. మలుపులో బండి ఒకవైపు వాలబోతే నిలబెట్టేది ఆ మొండితనమే. మన ఊళ్లలో కారున్నవాళ్లకు దీని పేరు తెలియకపోయినా గొంతు తెలుసు. గతుకుల్లో ముందు చక్రం దగ్గర టకటకమంటుంటే మెకానిక్ చెయ్యిపెట్టి ఊపి చూసి "లింక్ రాడ్లు పోయాయి సార్" అంటాడే, ఆ లింకులు దీనివే.

ఈ మొండితనం లెక్క కొంచెం విచిత్రం. మెలికకు ఎదురుతిరిగే బలం కడ్డీ లావుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల కడ్డీ తీసేసి అదే ఆకారంలో 28 మిల్లీమీటర్లది పెడితే లావు మూడు మిల్లీమీటర్లే పెరిగింది, బిగువు మాత్రం 57 శాతం పెరిగింది.

1941లో యుద్ధం కోసం పుట్టిన విల్లీస్ జీపుకు ఇదేమీ లేదు. నాలుగు చక్రాల దగ్గరా కమాను కట్టలు, అంతే. యుద్ధం అయ్యాక సీజే పేరుతో అది పౌరుల బండి అయింది. ఆ వంశంలోవే మన మహీంద్రా జీపులు కూడా, బొర్రా దగ్గర కటికి జలపాతం దారిలో యాత్రికుల్ని కుదిపి కుదిపి మోసేవి. 1953లో కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రైల్ మీద తొలి జీపు జాంబోరీ జరిగింది. 1967లో యూటా రాష్ట్రంలోని మోయబ్ ఊళ్లో ఈస్టర్ సఫారీ మొదలైంది. రాళ్ల మీద జీపెక్కించడం ఒక పండగ అయిపోయింది.

అయితే జీపు కొన్నవాళ్లంతా రాళ్ల మీదికి పోలేదు. ఎక్కువమంది హైవే మీదికి పోయారు. పొట్టి బండి, ఎత్తు బండి, పైగా వేగం. 1980 డిసెంబరులో సీబీఎస్ టీవీ '60 మినిట్స్' కార్యక్రమంలో సీజే-5 మలుపు తిరుగుతూ బోల్తాపడటం అమెరికా అంతా చూసింది. ఆ పరీక్షల తీరు మీద వాదోపవాదాలు చాలానే నడిచాయి గానీ, జనం కళ్లలో ఆ బొమ్మ మిగిలిపోయింది. 1986లో సీజేకు సెలవిచ్చి దాని చోట రాంగ్లర్‌ను తెచ్చారు. కొంచెం వెడల్పు ఎక్కువ, కొంచెం ఎత్తు తక్కువ, ముందు ఇరుసుకు స్వే బార్. 1997 మోడల్‌గా వచ్చిన టీజే రాంగ్లర్‌కైతే నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులు.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. కాయిల్ స్ప్రింగు చక్రాన్ని బోలెడంత కిందికి, బోలెడంత పైకి పోనిస్తుంది. పోనివ్వనిది బార్. ఎడమ చక్రం బండరాయి ఎక్కితే కుడి చక్రం పక్కన గోతిలోకి దిగాలి, కానీ బార్ దాన్నీ పైకే లాగుతుంది. చక్రం గాలిలో తేలుతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమంగానే బలం ఇస్తుంది, తేలిన చక్రం తీసుకోగలిగినంతే రెండోదానికీ దక్కుతుంది కాబట్టి తేలినది గాలిలో గిరగిరా తిరుగుతుంది, బండి ఉన్నచోటే ఉంటుంది. ఈ వంపును కొలవడానికి అమెరికన్ పత్రికలవాళ్లు ఒక వాలుపలక పెట్టారు. ఒక ముందు చక్రాన్ని 20 డిగ్రీల వాలు మీదికి ఎక్కిస్తారు. మిగతా మూడూ నేల వదలకుండా, ఇరుసుల మధ్య దూరమంత ఎక్కితే 1000 మార్కులు. టీజేకి ఆ దూరం 93.4 అంగుళాలు. ముందు బార్ విప్పి మళ్లీ ఎక్కిస్తే అదే బండికి మార్కులు పెరుగుతాయి, పైసా ఖర్చు లేకుండా.

ఖర్చు లేదు గానీ ఒళ్లునొప్పులున్నాయి. టీజేలో లింకు కింది కొస ఇరుసు బ్రాకెట్‌కు ఒక బోల్టుతో ఉంటుంది. దాని తలలో నక్షత్రపు గుంట, టీ-55 బిట్టు కావాలి. అవతల 18 మిల్లీమీటర్ల స్పానరు. దారి మొదట్లో మట్టిలో వెల్లకిలా పడుకుని విప్పాలి, ఇంటికి పోయేముందు ఒళ్లంతా బురదతో మళ్లీ బిగించాలి. దీనికోసమే అమ్మే రెడీమేడ్ లింకులు వంద డాలర్లు దాటేవి. అప్పుడు ఎవరి చూపో ట్రాక్టర్ కొట్టు గోడ మీద పడింది. ఫలానావాడు కనిపెట్టాడని చెప్పుకునే సంగతి కాదిది, వందల షెడ్లలో వందలమందికి తట్టి ఉంటుంది. బోల్టు పీకెయ్యడం, బ్రాకెట్ బెజ్జాన్నీ లింకు బుష్ లోపలి ఉక్కు గొట్టాన్నీ అరంగుళం డ్రిల్లుతో సాపు చెయ్యడం, పిన్ను దూర్చి క్లిప్పు పెట్టడం. విప్పాలంటే క్లిప్పు లాగి, పిన్ను తీసి, లింకును పైకి తిప్పి రబ్బరు తాడుతో ఛాసిస్‌కు కట్టెయ్యాలి. మొత్తం రెండు నిమిషాలు.

అయినా చౌక సరుకు చౌక సరుకే. పిన్ను బెజ్జంలో కాస్త వదులుగా ఉన్నా టకటక మొదలవుతుంది, నాళ్లు గడిచేకొద్దీ గుండ్రటి బెజ్జం కోలగా అరుగుతుంది. పొదలకో రాయికో తగిలి క్లిప్పు ఊడిపోతే పిన్ను దారిలోనే రాలిపోతుంది. లింకును సరిగ్గా కట్టకపోతే అది ఊగి టైరునో బ్రేకు గొట్టాన్నో కొరుకుతుంది. అన్నిటికంటే విసుగు తెప్పించేది, బండి సమంగా లేనిచోట పిన్ను రాకపోవడం. బార్ మెలిపడి పిన్నును నొక్కిపట్టి ఉంటుంది. అప్పుడొకడు బంపరు మీద కాలేసి బండిని ఊపుతుంటే ఇంకొకడు సమయం చూసి లాగాలి. వెనక బార్ జోలికి చాలామంది పోరు, ఒరుగును ఆపడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ముందుది విప్పి హైవే ఎక్కేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పక్కసీట్లో నేను మాత్రం కూర్చోను. ఎదురుగా కుక్క అడ్డమొచ్చి స్టీరింగు ఒక్కసారి కొట్టారంటే, ఆ బార్ ఎందుకు పెట్టారో అప్పుడు తెలుస్తుంది.

కంపెనీలూ ఈ ఆట చూస్తూనే ఉన్నాయి. నిస్సాన్ పాట్రోల్ బండి కొన్ని మోడళ్లలో వెనక బార్‌ను లోపలి స్విచ్చుతో వదిలించుకునే ఏర్పాటు ముందే ఉండేది. 2005లో డాడ్జ్ పవర్ వాగన్ ముందు బార్‌ను నడిమికి రెండు ముక్కలు చేసి, వాటిని కలిపే, విడదీసే పని ఒక మోటారుకు అప్పగించింది. 2007 మోడల్ రాంగ్లర్ రూబికాన్‌కూ అదే వచ్చింది. బటన్ నొక్కితే విడిపోతుంది, వేగం గంటకు 18 మైళ్లు దాటితే తనంతట తానే కలిసిపోతుంది. 2020లో మన దేశానికొచ్చిన రూబికాన్‌లోనూ ఉన్నది ఇదే బటన్. కిందపడుకోవాల్సిన పని లేదు, బట్టలు మాసిపోవు. కాకపోతే ఆ మోటారుండేది బురదా నీళ్లూ నేరుగా తగిలేచోట. నీరు చేరి అది మొరాయిస్తే, మోటారు పీకేసి చేత్తో తిప్పే ఏర్పాటు పెట్టుకునే కిట్లు కూడా బజారులో దొరుకుతున్నాయి.

2021లో తిరిగొచ్చిన ఫోర్డ్ బ్రాంకో మోటారును కాదని హైడ్రాలిక్‌కు పోయింది. బండి రాయి మీద వంకరగా నిలబడి, బార్ మెలిపడి ఉండగానే విడదీస్తుంది. బంపరు మీద కాలేసి ఊపే పని దానితో పోయింది. పాత టీజేల వాళ్లు మాత్రం ఇంకా ఊపుతూనే ఉన్నారు.